నీ ఇల్లా, నా ఇల్లా? దావీదు సింహాసనానికి ఇచ్చిన మాట, విశాఖ రాగి రేకుల కథ

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలైంది. కూర్మన్నపాలెం నుంచి ఒక తమ్ముడు రాశాడు. డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచీ అమ్మతో చర్చికి వెళ్తాడట. హాస్టల్లో ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి 2 సమూయేలు 7వ అధ్యాయం. దావీదు సింహాసనం ఎప్పటికీ నిలుస్తుందని దేవుడు మాట ఇచ్చిన చోటు. రెండోది 2 రాజులు 25. బబులోను సైన్యం వచ్చి యెరూషలేమును తగలబెట్టి, దావీదు వంశపు చివరి రాజు కళ్ళు పొడిపించి, గొలుసులు వేసి తీసుకెళ్ళిపోయిన చోటు. "ఇప్పుడు చెప్పు" అన్నాడట ఆ ఫ్రెండ్.

మన తమ్ముడు చివర్లో ఒక వాక్యం రాశాడు, అదే నన్ను పట్టుకుంది. "అన్నా, మాట తప్పింది మనిషైతే ఆఫీసుకెళ్ళి అడుగుతాం. దేవుణ్ణి ఎక్కడికెళ్ళి అడుగుతాం?"

గాజువాక, కూర్మన్నపాలెం వైపు పుట్టినవాళ్ళకి ఈ ప్రశ్న బరువు వేరు. స్టీల్ ప్లాంటు కోసం పొలాలు, ఊళ్ళు వదిలేసినవాళ్ళ ఇళ్ళల్లో ఆర్ కార్డు అని ఒక కాగితం బీరువాలో ఉంటుంది. తాత దాస్తాడు, తర్వాత నాన్న దాస్తాడు. ఇచ్చిన మాట, దాని మీద తేదీ, కింద సంతకం. ఈ ఎపిసోడ్ స్టీల్ ప్లాంటు గురించి కాదు. కానీ మాట ఇచ్చిన కాగితాన్ని తరతరాలుగా దాచుకోవడం అంటే ఏంటో తెలిసినవాళ్ళకి ఈ కథ తొందరగా అర్థమవుతుంది.

నేను పాస్టర్ని కాదు, పండితుణ్ణీ కాదు. చరిత్ర చదువుకున్నవాణ్ణి. కాబట్టి నమ్మాలా వద్దా అనే జోలికి పోను. ఈ మాటలు ఎవరు, ఎప్పుడు, ఏ పరిస్థితిలో రాశారు? పరస్పరం కొట్టుకునే వాక్యాల్ని ఒకే పుస్తకంలో ఎందుకు ఉంచారు? నాకు కావలసింది ఇదే.

ముందు మన ఊరి ముచ్చట ఒకటి. ఈ వాగ్దానం అచ్చులో తెలుగు మాట్లాడింది వైజాగ్ వల్లే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవం తీసుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళతో కలిశాడు. ముగ్గురూ కూర్చుని సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో చనిపోయాడు. మరుసటి ఏడాదే డి గ్రాంజెస్ కూడా పోయాడు. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరూ కళ్ళతో చూడలేదు. వాళ్ళ తెలుగు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ ప్రెస్సులో అచ్చయ్యాయి. అంతకు ముందే బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ తెలుగులోకి చేశాడు గానీ అది అచ్చుకి నోచుకోలేదు.

ఆ 1812 పుస్తకంలో లూకా సువార్త ఉంది. లూకా మొదటి అధ్యాయంలోనే దూత మరియతో, పుట్టబోయే బిడ్డకి దావీదు సింహాసనం వస్తుందనీ, ఆ రాజ్యానికి అంతమే ఉండదనీ చెబుతాడు. అంతం లేని రాజ్యం అన్న ఈ మాటని సముద్రం పక్కన ఎక్కడో ఒక గదిలో ఆనందరాయర్ తెలుగులో పలికి ఉంటాడు. అప్పటికి దావీదు వంశం సింహాసనం పోయి రెండు వేల నాలుగు వందల ఏళ్ళు.

సరే, అసలు వాగ్దానం దగ్గరికి వెళ్దాం.

దావీదు కాలం సుమారు క్రీ.పూ. 1000. ఆయనకి దేవదారు కర్రతో కట్టిన ఇల్లు ఉంది, దేవుడి మందసం మాత్రం గుడారంలో ఉంది. గుడి కడతానంటాడు. నాతాను ప్రవక్త రాత్రికి రాత్రి తిరిగొచ్చి, నువ్వు నాకు ఇల్లు కట్టడం కాదు, నేనే నీకు ఇల్లు కడతానని దేవుడు అంటున్నాడని చెబుతాడు. ఇక్కడ ఇల్లు అంటే వంశం. మనం కూడా "ఆ ఇంటి పేరు నిలబడింది" అంటాం కదా, అలా. నీ కొడుకు తప్పు చేస్తే దెబ్బలు కొడతాను, కానీ సౌలుని వదిలేసినట్టు వదిలెయ్యను, నీ సింహాసనం ఎప్పటికీ ఉంటుంది. సారాంశం ఇది. షరతు లేదు. శిక్ష ఉంది, రద్దు లేదు.

ఇప్పుడు 1 రాజులు తెరవండి. దావీదు చనిపోతూ సొలొమోనుతో అదే వాగ్దానం గుర్తుచేస్తాడు. కానీ ఈసారి ఒక "అయితే" వచ్చి చేరింది. నీ కొడుకులు జాగ్రత్తగా నడుచుకుంటే సింహాసనం మీద మనిషి లేకుండా పోడు, అన్నట్టు. 8వ అధ్యాయంలో మళ్ళీ "అయితే". 9వ అధ్యాయంలో ఇంకా గట్టిగా: తప్పితే దేశం పోతుంది, గుడీ పోతుంది. కీర్తనల్లోనూ అంతే. 132వ కీర్తనలో షరతు ఉంది. 89వ కీర్తనలో లేదు.

ఇది ఫ్రెండ్ కనిపెట్టింది కాదు, తమ్ముడూ. చదివిన ప్రతివాళ్ళకీ కనిపించేదే. మామూలుగా రెండు జవాబులు వస్తాయి. ఒకరు "విరుద్ధమేమీ లేదు, నువ్వు సరిగ్గా చదవలేదు" అంటారు. ఇంకొకరు "చూశావా, అంతా కట్టుకథ" అంటారు. నాకు ఈ రెండూ ఒకే రకం బద్ధకం అనిపిస్తాయి. ఆ వాక్యాల దగ్గర కాసేపు కూర్చోవడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

కూర్చుంటే ముందు కనిపించేది "ఎప్పటికీ" అనే మాట. తెలుగు బైబిల్లో "నిత్యము" అని ఉంటుంది. హీబ్రూలో "ఓలామ్". లెక్కపెట్టలేనంత దూరం, కనుచూపు మేర దాటిన కాలం, అలాంటి అర్థం. హన్నా తన కొడుకు సమూయేలుని "ఓలామ్" దాకా గుడిలో ఉంచుతానంటుంది. అంటే వాడు బతికినంత కాలం. చెవి కుట్టించుకున్న బానిస యజమానికి "ఓలామ్" సేవ చేస్తాడని చట్టం. అదీ బతికినంత కాలమే. కానీ దీంతో సమస్య మొత్తం తీరిపోయిందనుకోకండి. 89వ కీర్తన ఈ వాగ్దానాన్ని సూర్యుడితో, చంద్రుడితో పోలుస్తుంది. అక్కడ "బతికినంత కాలం" అంటే కుదరదు.

ఇంకోటి. ఏలీ అనే యాజకుడి కథ, 1 సమూయేలు 2. అక్కడ దేవుడే, మీ ఇల్లు ఎప్పటికీ నా ముందు నడుస్తుందని నేను అన్న మాట నిజమే, ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, అన్న అర్థంలో చెబుతాడు. ఒక "ఎప్పటికీ" అదే పుస్తకంలో, దావీదు పేరు వినబడక ముందే, రద్దయిపోయింది. ఆ తర్వాత ఉత్తరాన యరొబాముకీ మాట ఇచ్చారు: దావీదుకి కట్టినట్టే నీకూ స్థిరమైన ఇల్లు కడతాను, నా దారిలో నడిస్తే. వాడి కొడుకు రెండేళ్ళు కూడా సరిగ్గా ఏలకుండా హత్యకు గురయ్యాడు. ఉత్తర రాజ్యం రెండు వందల ఏళ్ళలో వంశం మీద వంశం మార్చి, క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో పోయింది. దక్షిణాన యూదాలో మాత్రం ఒకే ఇల్లు. సుమారు నాలుగు వందల ఏళ్ళు. 1993లో ఇజ్రాయెల్ ఉత్తరాన తెల్ దాన్‌లో దొరికిన రాతి ముక్క మీద, శత్రురాజు చెక్కించిన శాసనంలో, "దావీదు ఇల్లు" అనే పేరు ఉంది. శత్రువులు కూడా ఆ రాజ్యాన్ని ఇంటిపేరుతోనే పిలిచారన్నమాట. నాలుగు వందల ఏళ్ళు నిలిచిన ఇంటికి "ఎప్పటికీ" అనే మాట ఉత్తుత్తి మాటలా అనిపించదు. కళ్ళముందు కనిపించే నిజంలా ఉంటుంది.

ఇప్పుడు మన ఊరికి రండి. షరతు లేని మాట, షరతు ఉన్న మాట. ఈ రెండు రకాల పత్రాలూ వైజాగ్‌కి బాగా తెలిసినవే.

మొదటిది రాగి రేకు. తూర్పు గాంగుల రాజు అనంతవర్మ చోడగంగదేవుడు, ముందు మన శ్రీకాకుళం వైపు కళింగనగరం నుంచి ఏలినవాడు, 1078 నుంచి 1147 దాకా. విశాఖపట్నం రాగి శాసనాలు అని పేరున్నవి ఆయనవి మూడు సెట్లు ఉన్నాయి. శక సంవత్సరాలు 1003, 1040, 1057. అంటే మన లెక్కలో 1081, 1118, 1135 ప్రాంతం. 19వ శతాబ్దంలో ఫ్లీట్ అనే పండితుడు వీటిని చదివి ప్రచురించాడు. ఇలాంటి దానశాసనాల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. రాజు ఊరో పొలమో ఇస్తాడు, చంద్రుడు సూర్యుడు ఉన్నంత కాలం, ఆచంద్రార్కం, అంటాడు. తీసుకున్నవాడికి షరతులు పెద్దగా ఉండవు. శాపం ఎవరికంటే, ఆ దానాన్ని లాక్కున్నవాడికి. వేల ఏళ్ళు పురుగై పుడతాడని. అంటే పత్రం ఎవరిని కాపాడుతోంది? పుచ్చుకున్నవాణ్ణి.

రెండోది సన్నదు. 1802లో మద్రాసు ప్రభుత్వం రెగ్యులేషన్ 25తో పర్మనెంట్ సెటిల్మెంట్ తెచ్చింది. విశాఖ జిల్లా జమీందార్లకి సన్నదులు ఇచ్చారు. పేరులోనే "శాశ్వతం" ఉంది. పేష్కష్ ఇంత అని ఎప్పటికీ ఖాయం చేశారు, భూమి మీద హక్కూ ఎప్పటికీ. కానీ పేష్కష్ కట్టకపోతే జప్తు, వేలం. చిన్న చిన్న ఎస్టేట్లు ఎన్నో అలా వేలానికి పోయాయి. ఈ పత్రం ఎవరిని కాపాడుతోంది? ఇచ్చినవాణ్ణి. చివరికి ఆ శాశ్వతం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయింది. 146 ఏళ్ళు. దావీదు ఇల్లు నిలిచినదాంట్లో సగం కూడా కాదు.

మోషే వైన్‌ఫెల్డ్ అనే పండితుడు 1970లో సరిగ్గా ఈ తేడానే చూపించాడు. పాత పశ్చిమాసియాలోనూ రెండు రకాల ఒప్పందాలు ఉండేవి. నమ్మకంగా పనిచేసిన సేవకుడికి రాజు ఇచ్చే దానపత్రం ఒకటి. కింది రాజు మీద పైరాజు పెట్టే షరతుల ఒప్పందం ఇంకొకటి. దావీదుకి నాతాను తెచ్చిన మాట దానపత్రం అచ్చులో ఉంది. సీనాయి కొండ దగ్గర మోషే తెచ్చింది షరతుల ఒప్పందం అచ్చులో ఉంది. అన్నీ ఇంత శుభ్రంగా విడిపోవని తర్వాతివాళ్ళు వాదించారు, అది నిజమే. కానీ 2 సమూయేలుకీ 1 రాజులుకీ మధ్య ఏం జరుగుతోందో చూడ్డానికి ఇది మంచి కళ్ళజోడు. ఆచంద్రార్కం అని ఉన్న రాగి రేకుని ఎవరో తర్వాత సన్నదులా చదువుతున్నారు.

ఎవరు? ఎందుకు? సమూయేలు, రాజులు పుస్తకాలు ఒక్కరోజులో రాసినవి కావు. ఫ్రాంక్ మూర్ క్రాస్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ చెప్పిన లెక్క ప్రకారం రెండు దశలు. ఒకటి యోషీయా రాజు రోజుల్లో, రాజ్యం ఇంకా నిలబడి, ఆశ ఉన్నప్పుడు. రెండోది రాజ్యం పోయాక, బబులోను చెరలో. మొదటిసారి రాసినవాడికి సింహాసనం కళ్ళముందు ఉంది. రెండోసారి కూర్చున్నవాడికి బూడిద ఉంది. క్రాస్ లెక్క ఒప్పుకోని పండితులూ ఉన్నారు, ఏ వాక్యం ఏ దశది అన్నదాని మీద ఇప్పటికీ గొడవలే. కానీ ఇంత పెద్ద దెబ్బ తిన్నవాళ్ళు పాత మాటని మళ్ళీ విప్పి చదువుకున్నారన్నది దాదాపు అందరూ ఒప్పుకునేదే.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది చెప్తా. వాళ్ళు పాత మాటని చెరిపెయ్యలేదు. చాలా సులువు కదా? కలం వాళ్ళ చేతిలోనే ఉంది. 2 సమూయేలు 7లో ఒక్క "అయితే" ఇరికిస్తే సమస్య పోయేది. ఆ పని చెయ్యలేదు. షరతు లేని మాటని అలాగే ఉంచి, కొన్ని పేజీల తర్వాత షరతున్న మాట పెట్టి, చివర్లో కాలిపోయిన ఊరు పెట్టారు. కాగితం బీరువాలో దాచినట్టు దాచారు.

ఇక 89వ కీర్తన. వీడియో ఇక్కడ పాజ్ చేసి, మీ ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే ఒకసారి మొత్తం చదివి రండి, నేను ఉంటా.

చదివారా? మొదటి ముప్ఫై ఏడు వచనాలు పొగడ్తే పొగడ్త. సముద్రాన్ని అణిచినవాడివి, ఆకాశం నీది, భూమి నీది. దావీదుకి ప్రమాణం చేశావు, అబద్ధమాడనన్నావు. పిల్లలు తప్పు చేస్తే బెత్తంతో కొడతానన్నావు, కానీ ప్రేమ తీసెయ్యనన్నావు. అంతా బాగుంది, పండగ పాటలా ఉంది. 38వ వచనం దగ్గర గొంతు మారిపోతుంది. కానీ నువ్వు... అని మొదలెడతాడు. తోసేశావు. ఒప్పందం కాదన్నావు. కిరీటాన్ని మట్టిలో పడేశావు. దారినపోయేవాళ్ళంతా దోచుకుంటున్నారు. తర్వాత నేరుగా అడిగేస్తాడు: నువ్వు దావీదుకి ప్రమాణం చేసిన ఆ పాత ప్రేమ ఏమైపోయింది?

తమ్ముడూ, దేవుణ్ణి ఎక్కడికెళ్ళి అడుగుతాం అన్నావు కదా. వీళ్ళు గుడి పాటల పుస్తకంలోనే అడిగారు. ఎవరో మూల కూర్చుని తిట్టుకున్న మాట కాదు ఇది. అందరూ కలిసి పాడుకునే పాటల్లో చేర్చారు, రెండు వేల ఏళ్ళకు పైగా పాడుతూనే ఉన్నారు. కీర్తన లోపల ఆ ప్రశ్నకి జవాబు లేదు. నీ హాస్టల్ ఫ్రెండ్ చూపించిన రెండు స్క్రీన్‌షాట్లు ఈ కీర్తనలో ఒకదాని కింద ఒకటి ఎప్పుడో ఉన్నాయి. పైభాగం ఒకటి, కిందభాగం ఇంకొకటి. వాడు కొత్తగా పట్టుకున్నదేం లేదు, ఆ మాట వాడికి చెప్పు.

మధ్యలో ఒక మనిషి కథ చెప్పాలి. యెహోయాకీను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, మూడు నెలలు ఏలాడు, క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు పట్టుకుపోయాడు. యిర్మీయా ప్రవక్త ఇతని మీద చాలా కటువుగా మాట్లాడాడు. నా చేతి ముద్ర ఉంగరమైనా సరే ఊడబీకి పారేస్తాను అన్నట్టు. పిల్లల్లేనివాడని రాసుకోండి, వీడి సంతానంలో ఎవడూ దావీదు సింహాసనం ఎక్కడు అన్నట్టు. ఇది యిర్మీయా 22. అదే పుస్తకం 33లో మళ్ళీ దావీదుకి సింహాసనం మీద కూర్చునే మనిషి ఎప్పుడూ లేకుండా పోడని ఉంది! ఇక్కడ చిన్న విశేషం. పాత గ్రీకు అనువాదంలో 33వ అధ్యాయపు ఈ భాగం, 14 నుంచి 26 వచనాలు, లేనే లేవు. తర్వాత చేరినవని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే ఓడిపోయాక కూడా ఎవరో ఆ వాగ్దానాన్ని మళ్ళీ రాసుకున్నారు.

బబులోను తవ్వకాల్లో మట్టి పలకలు దొరికాయి. రేషన్ పద్దులు. 1939లో వైడ్నర్ అనే పండితుడు ప్రచురించాడు. వాటిలో యూదా రాజు "యాఉకీను" పేరు ఉంది. ఆయనకి ఇంత నూనె, ఆయన ఐదుగురు కొడుకులకి ఇంత నూనె అని. ఒక పలక క్రీ.పూ. 592 నాటిది. ఆలోచించండి: ఆచంద్రార్కం అన్న సింహాసనం వారసుడు, పరాయి రాజు స్టోర్‌రూమ్ రిజిస్టర్లో, నూనె కొలతల పక్కన. అయినా గుమాస్తా ఆయన పేరు పక్కన "రాజు" అనే రాశాడు. 2 రాజులు పుస్తకం ముగిసేదీ ఇతనితోనే. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత జైలు నుంచి తీసి, బట్టలు మార్పించి, బబులోను రాజు బల్ల దగ్గర రోజూ భోజనం పెట్టారు. అంతే, పుస్తకం అయిపోయింది. ఆశ ఉందా లేదా అన్నది రాసినవాడు చెప్పలేదు. ఇతని మనవడు జెరుబ్బాబెలు తర్వాత యెరూషలేముకి తిరిగొస్తే, హగ్గయి ప్రవక్త అదే ఉంగరం మాట తిరగేసి, నిన్ను ముద్ర ఉంగరంలా చేస్తానని దేవుడి మాటగా చెప్పాడు. పారేసిన ఉంగరాన్ని మనవడి దగ్గర వెతుక్కున్నారు. జెరుబ్బాబెలు రాజు కాలేదు. పర్షియా వాళ్ళ కింద అధికారి, అంతవరకే.

మరి వాగ్దానం ఏమైంది? ఇక్కడే నేను టైటిల్లో పెట్టిన మాట వస్తుంది. దినవృత్తాంతములు అనే పుస్తకం చెర తర్వాత, పర్షియా కాలంలో, మళ్ళీ మొదటి నుంచి చరిత్ర రాసింది. నాతాను కథ మళ్ళీ చెప్పింది, 1 దినవృత్తాంతములు 17లో. దాదాపు మాట మాటా అదే. రెండు చోట్ల తేడా. కొడుకు తప్పు చేస్తే బెత్తంతో కొడతానన్న మాట తీసేసింది. రెండోది, సమూయేలులో "నీ ఇల్లు, నీ రాజ్యం" అని దావీదుతో అన్నచోట, ఇక్కడ దేవుడు "నా ఇల్లు, నా రాజ్యం" అంటాడు. తెలుగులో ఎంత తేడా? నీ, నా. ఒక్క అక్షరం. సింహాసనం దావీదుది కాదు, దేవుడిది. దావీదు కొడుకు దాని మీద కూర్చున్న మనిషి. కూర్చునే మనిషి లేకపోయినా సింహాసనం పోదు, ఎందుకంటే అసలు సొంతదారు పోడు.

ఇది పరాయి దేశపు తెలివి అనుకుంటున్నారా? మళ్ళీ చోడగంగదేవుడి రాగి రేకుల దగ్గరికి రండి. గాంగుల శాసనాల్లో తరచూ కనిపించే మాట: మహేంద్రగిరి మీద ఉన్న గోకర్ణస్వామి అనుగ్రహంతో తెల్ల గొడుగు, శంఖం, చామరం, ఎద్దు గుర్తు వచ్చాయని. 1118 నాటి విశాఖ రేకుల్లో పూర్తి కథ ఉంది. కామార్ణవుడు నలుగురు తమ్ముళ్ళతో గంగవాడి నుంచి తూర్పుకి వచ్చి, మహేంద్రగిరి ఎక్కి, గోకర్ణస్వామిని కొలిచి, ఆ దయతో రాజచిహ్నాలు పొంది, కొండ దిగి కళింగ గెలిచాడు. దేవుడిచ్చిన రాజ్యం. తమాషా ఏంటంటే, 1081 రేకుల్లో ఇచ్చిన వంశావళి, 1118 రేకుల్లో ఇచ్చిన వంశావళి ఒకదానితో ఒకటి కలవవు. అదే రాజు, అదే వంశం. రెండోసారి విష్ణువు, చంద్రుడి దాకా పొడవుగా వెళ్ళిపోయింది. మత్తయి సువార్తలోనూ లూకా సువార్తలోనూ యేసు వంశావళులు కలవవు కదా, ఒకటి సొలొమోను మీదుగా, ఇంకొకటి నాతాను అనే ఇంకో కొడుకు మీదుగా వెళ్తుంది. ఇలాంటివి చూసి నవ్వే ముందు ఒకటి అడగాలి: రెండోసారి రాస్తున్నప్పుడు అవసరం ఏం మారింది? చోడగంగుడి విషయంలో రాజ్యం పెరిగింది. 1118 నాటికి ఆయన ఉత్కళ వైపు కూడా విస్తరించాడు. పెద్ద రాజ్యానికి పొడవైన వంశం కావాలి. దేవుడూ మారడం మొదలైంది. పరమమాహేశ్వరుడు అని చెప్పుకున్న రాజు తర్వాత వైష్ణవుడు అని కూడా చెప్పుకున్నాడు. పూరీలో జగన్నాథుడి గుడి కట్టించాడు.

ఆయన మునిమనవడి తరంలో మూడో అనంగభీముడు వచ్చాడు, 1211 నుంచి 1238. ఆయన చేసింది వినండి. రాజ్యం పురుషోత్తముడిది, అంటే జగన్నాథుడిది అన్నాడు. తను ఆయన రౌతుని మాత్రమే, ప్రతినిధిని మాత్రమే అన్నాడు. నీ రాజ్యం కాస్తా నా రాజ్యం అయింది. దినవృత్తాంతములు రాసిన యూదుడికీ అనంగభీముడికీ మధ్య ఏ పరిచయమూ లేదు, పదిహేను వందల ఏళ్ళ దూరం. తేడా ఒకటే, పెద్దదే. అనంగభీముడు బలంగా ఉన్నప్పుడు ఆ మాట అన్నాడు, దానితో తన బలం ఇంకా పెంచుకున్నాడు. రాజు మాట కాదంటే దేవుడి మాట కాదన్నట్టే కదా మరి. యూదులు అన్నీ పోయాక అన్నారు, మిగిలింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ అన్నారు. ఒకే వాక్యం పాలకుడి చేతిలో ఒక రకం, ఓడిపోయినవాడి చేతిలో ఇంకో రకం.

గాంగుల వంశం 1434-35లో ముగిసింది. కపిలేంద్రుడు సింహాసనం తీసుకున్నాడు, గజపతుల వంశం మొదలైంది. జగన్నాథుడు మాత్రం పోలేదు. కపిలేంద్రుడూ ఆయన సేవకుణ్ణే అన్నాడు. ఇల్లు మారింది, ఇంటి యజమాని మారలేదు.

మన సింహాచలం గోడలు చూస్తే ఇదే కనిపిస్తుంది. 11వ శతాబ్దం చివర్లో కులోత్తుంగ చోళుడి కాలం శాసనం ఉంది. గాంగులవి ఉన్నాయి, మొదటి నరసింహదేవుడి కాలంలో గుడి పెద్ద ఎత్తున కట్టారు. గజపతుల కాలం దాటితే, వాళ్ళని ఓడించిన కృష్ణదేవరాయలు 1516లో వచ్చి నగలు సమర్పించిన శాసనం కూడా అక్కడే ఉంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే స్వామికి ఒకే గోడ మీద. వాటి మధ్యలో మామూలు జనం ఇచ్చిన అఖండ దీపాల శాసనాలు. ఇన్ని మాడలు గుడి ఖజానాకి ఇస్తాను, ఆచంద్రార్కం ఒక దీపం వెలగాలి అని. రాజులు పుస్తకంలో కూడా యెరూషలేములో దావీదుకి ఒక దీపం ఉంచుతానన్న మాట ఉంది. రాజ్యంలో ముక్కలు పోయినా ఒక్క దీపం అని. పదమూడో శతాబ్దపు సింహాచలం భక్తుడికి ఆ మాట ఎవరైనా చదివి వినిపించి ఉంటే, వివరణ అడిగి ఉండేవాడు కాదు.

సరే, తమ్ముడి ప్రశ్నకి నా జవాబు. ఆ రెండు స్క్రీన్‌షాట్లలో ఉన్నవి ఒకదానితో ఒకటి కలవవు. కలుస్తాయని నిన్ను నమ్మించడానికి నేను ప్రయత్నించను. వాటిని కలపడానికి యూదులు ఒక దారి పట్టారు: రాజు ఇంకా రావాలి, ఎదురుచూస్తాం. క్రైస్తవులు ఇంకో దారి పట్టారు: వచ్చాడు, కానీ రాజ్యం మీరు అనుకున్న రకం కాదు. లూకా మొదటి అధ్యాయం అదే చెబుతోంది. ఏది నిజమో తేల్చడం చరిత్ర పని కాదు, మీ అమ్మగారితో, మీ చర్చిలో మాట్లాడుకోవాల్సింది. చరిత్ర చెప్పగలిగింది ఇంతే: ఆ రెండు దారులూ మొదలైంది, మాట నెరవేరని చోట, కాగితం చింపకుండా ఉంచుకున్నవాళ్ళ దగ్గర.

కామెంట్లలో ఒకరు, సింహాచలం గోడల మీద శాసనాలు ఎలా చదవాలి అని అడిగారు. పాత లిపి, మొదట్లో కష్టమే. వచ్చే వారం కెమెరా పట్టుకుని కొండ ఎక్కుదాం. దీపాల శాసనం ఒకటి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుదాం. గుడి నియమాల ప్రకారం లోపల ఎంతవరకు షూట్ చెయ్యనిస్తారో కనుక్కుని చెప్తాను.